ఆ పూట రానివారే అధ్యక్షులు

ఆ రోజు పొద్దున డెస్మండ్ థాక్రే పెట్టుకున్న పని ఒక్కటే: సాయంత్రం బడి పాలకమండలి సమావేశానికి వెళ్ళి కుర్చీకి అతుక్కుని కూర్చోవడం.

"మళ్ళీ అధ్యక్షుడివై వచ్చావో, పోర్చుగల్‌కి ఈ సెలవుల్లో నేనొక్కదాన్నే పోతాను," అంది భార్య గ్లెనిస్, ఉడికిన గుడ్డు మీద చెంచాతో కొడుతూ. "పోయినేడు సెలవులన్నీ కారే ఆ బడి పైకప్పు కింద బకెట్లు పెట్టడానికే సరిపోయాయి."

"ఈసారి నన్నెవరూ ఇరికించలేరు. చూస్తూండు."

థార్న్‌బెక్ బడి పాలకమండలిలో అందరూ స్వచ్ఛంద సేవకులే. పిల్లల భవిష్యత్తంటే ప్రాణమిస్తారు. అధ్యక్ష పదవి అంటే మాత్రం హడలి చస్తారు. ఎన్నిక వేళకి అందరూ టీ కప్పుల్లోకి చూస్తూ కూర్చుంటారు. ఆ పూట రానివారిని ఏకగ్రీవంగా ఎన్నుకుంటారు. కిందటేడు డెస్మండ్ పన్ను పీకించుకోవడానికి వెళ్ళాడు. బుగ్గ వాపు తగ్గకముందే అభినందనలు వచ్చిపడ్డాయి.

ఈ ఏడు అందరికీ బుద్ధొచ్చింది. ఒక్కరూ మానలేదు. కాలు విరిగిన ఫిలిడా కూడా కట్టుతోనే వచ్చి, బల్ల చివర కూర్చుంది.

"ఎవరైనా ముందుకొస్తారా?" అని అడిగి, హెడ్మిస్ట్రెస్ ఆర్మెరాడ్ టీ పోసింది. ఎవరూ రాలేదు. మళ్ళీ పోసింది. గది దాటితే రానట్టే లెక్క కనుక, మరుగుదొడ్డికి కూడా ఎవరూ లేవలేదు. డెస్మండ్ కాళ్ళు మెలేసుకుని ఆపుకుంటూ, పిల్లల పోషకాహారం మీద ప్రసంగించాడు.

అంతలో వంటగదిలో ఏదో మాడి, అగ్నిప్రమాదం గంట మోగింది. ఎవరూ కదల్లేదు.

"లేవండి బాబూ. గంట మోగగానే బయటపడాలని నియమం పెట్టింది మీరే," అంది ఆర్మెరాడ్.

"ముందు మీరు లేవండి రెజినాల్డ్ గారూ," అన్నాడు డెస్మండ్ పక్కాయనతో.

"అబ్బే, పెద్దవారు మీరుండగా నేనా?"

చివరికి అందరూ ఒక్కసారే లేచి, గుమ్మంలో ఇరుక్కుని, ఒకరినొకరు తోసుకుంటూ వానలో ఆటస్థలంలోకి వచ్చి పడ్డారు. తలలు లెక్కపెడితే ఫిలిడా లేదు.

"అయ్యో పాపం, ఎవరైనా వెళ్ళి తీసుకురండి," అన్నాడు రెజినాల్డ్.

"తెద్దాం, తెద్దాం," అన్నాడు డెస్మండ్. అతని ముఖం వెలిగిపోయింది. "ముందు ఎన్నిక సంగతి చూద్దాం. అధ్యక్షురాలిగా ఫిలిడాగారిని ప్రతిపాదిస్తున్నాను."

వానలో చేతులన్నీ లేచాయి.

ఫిలిడా ఊతకర్రల మీద కుంటుకుంటూ తనంతట తానే వచ్చింది. అభినందనలు వింది.

"సంతోషం. నా పేరు చెప్పిందెవరు?"

"నేనే," అన్నాడు డెస్మండ్ గర్వంగా.

"నా మీద ఎంత నమ్మకమండీ మీకు. కాలు కుదిరేదాకా కదలొద్దన్నాడు డాక్టరు. వేసవి దాకా పట్టొచ్చట. అందాకా నా పనులన్నీ చూసే ఉపాధ్యక్షులు మీరే కావాలి."

డెస్మండ్ నోరు తెరిచేలోపే చేతులన్నీ మళ్ళీ లేచాయి.

"అధ్యక్షుణ్ణి కాలేదు," అన్నాడతను ఇంటి గుమ్మంలో తడిసి ముద్దై.

"మరి చేతిలో ఆ బడి తాళాలేమిటి?"

డెస్మండ్ తాళాలు వెనక్కి దాచుకున్నాడు. గ్లెనిస్ ప్రయాణానికి సర్దిన సూట్‌కేసు తెరిచి, అతని చొక్కాలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టింది.