డైరెక్టరు గారి శుభ్రతా భత్యం

మా ధర్మవరం పడుగు–పేక మ్యూజియానికి డైరెక్టరుగా శ్రీ నల్లప్ప గారు నియమితులైనారని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. వారికి నేత గురించి బొత్తిగా తెలియదు. అందుచేత నిష్పక్షపాతంగా ఉంటారని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. జీతం, కారు, డ్రైవరు కాక, హిందూపురం నుంచి రోజూ వచ్చిపోయే శ్రమకు వేరే భత్యం ఇచ్చింది.

క్యూరేటరు హేమావతి మగ్గం పక్కనే పుట్టి పెరిగిన మనిషి. పాత చీర అంచు తడిమి అది ఏ కాలపుదో చెబుతుంది. ఇంత తెలిసినవారికి జీతమెందుకని తొమ్మిదేళ్లుగా దినకూలీ కిందే ఉంచారు. పర్మనెంటు చేయమని ఆమె పెట్టిన అర్జీని మాత్రం ఎంతో భద్రంగా దాచారు. పాతవాటిని కాపాడటం మ్యూజియం ధర్మం కదా.

ఇంతలో మంత్రిగారు వస్తున్నారని కబురు. డైరెక్టరు గారు తొలిసారి మగ్గం దాకా నడిచారు. నేసిన చీర కోసి తీశాక మగ్గంలో పాత పోగుల కొసలు మిగిలి ఉన్నాయి. వాటికే కొత్త పోగులు ఒక్కొక్కటిగా అతుకుతారు. అవి లేకుంటే వేల పోగులు మళ్లీ మొదటినుంచి ఎక్కించాలి. ఇది ధర్మవరంలో పసిపిల్లలకూ తెలుసు. పసిపిల్లలను డైరెక్టర్లుగా వేయరు. డైరెక్టరు గారు ఆ చెత్తంతా దగ్గరుండి కత్తిరించి వేయించారు. కమిటీ మురిసిపోయి శుభ్రతా భత్యం మంజూరు చేసింది.

మర్నాడు హేమావతి వచ్చేసరికి మగ్గం బోసిగా ఉంది.

"ఎల్లుండి మంత్రిగారొచ్చే యాళకు మగ్గం ఆడల్లమ్మా" అన్నారు నల్లప్ప గారు.

"ఇద్దరు కూచుంటే వారం పని సార్. నా అర్జీ ఏమాయ?"

"జీతం దుడ్ల మాట ఎత్తొద్దమ్మా. కళంటే సేవ." కారులో ఏసీ వేసి ఉంచమని డ్రైవరుకు సైగ చేశారు.

"అట్లయితే ఆ సేవేదో మీరే చేయండి సార్. మా ఇంట్లోనూ మగ్గముండాది. ఆడ చీరకింతని కూలన్నా వస్తాది" అని తాళంచెవులు బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

మంత్రిగారు వచ్చారు. "ఈ ఖాళీ మగ్గం మన వారసత్వపు మౌనం" అని డైరెక్టరు గారు గద్గద స్వరంతో ప్రసంగించారు. చప్పట్లు మోగాయి. ఆ మౌనానికి అద్దాల గది, ఏసీ, బీమా మంజూరయ్యాయి. డైరెక్టరు గారికి జీతం పెరిగింది.

చప్పట్లు కొట్టినవాళ్లలో మనమూ ఉన్నాం. అట్నుంచటే హేమావతి ఇంటికి వెళ్లి చీర చూశాం, అద్భుతమన్నాం. ధర చెప్పగానే, కళకు వెల కట్టకూడదమ్మా అని సగానికి అడిగాం.