గాడిద పెళ్లికి ఆడపెళ్లివాళ్లు కావలెను

అయ్యా, అమ్మా, ముందు నన్ను మన్నించండి. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై ఏడో ఏట. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను. ఈ నాలుగు కాగితాలు రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. తప్పులు కనిపిస్తే మీరే దిద్దుకుని చదవండి. చదువుకున్నవాళ్లు కదా, ఆ మాత్రం పని మీకూ ఉండాలి.

ఇక విషయం. మనుషులు కొట్లాడుకోవడం చాలా మంచిది. ఊరికీ ఊరికీ మధ్య పగ ఉండటం ఇంకా మంచిది. శాంతిగా ఉన్న ఊరంత దండగమారి ఊరు భూమి మీద లేదని నేను రెండేళ్లుగా కళ్లారా చూసి చెబుతున్నాను.

నమ్మరా? అయితే బుక్కరాయసముద్రం దాటి తాడిపత్రి రోడ్డులో కొంత దూరం వచ్చి, కుడివైపు మట్టిదారి పట్టండి. గువ్వలగుట్టపల్లి వస్తుంది. అది మా ఊరు. ఊరి ముందు నీళ్లు లేని వంక. వంక దాటితే తుమ్మలవంక అనే ఊరు. మధ్యలో నాలుగు వందల అడుగులు. మా ఊరిలో మేక అరిస్తే ఆ ఊరిలో దాని పిల్ల జవాబు చెబుతుంది.

రెండేళ్లుగా ఈ నాలుగు వందల అడుగులు దాటడానికి ఎవరికీ అనుమతి లేదు. నా కూతురు జయంతిని ఆ ఊరికే ఇచ్చాను. పెళ్లయిన ఆరేళ్లకు, పదకొండు నెలల కిందట, దానికి ఆడపిల్ల పుట్టింది. కాన్పు టౌను ఆస్పత్రిలో. నేను బస్సు పట్టుకుని పోయేసరికి వాళ్ల ఊరి ఆటోలో ఎక్కించి తీసుకుపోయారు. పిల్లను తీసుకుని టౌనుకు రమ్మని నేను రెండుసార్లు కబురు చేస్తే, రెండుసార్లూ వాళ్ల ఊరి మనుషులు బస్టాపు దగ్గరే ఆపి వెనక్కి పంపారు. ఫోనులో చూపించేది. ఫోనులో పిల్లకు వాసన ఉండదు. మొన్నమొన్నటి దాకా మనవరాలిని నేను ఎత్తుకోలేదు.

ఇది చిన్న విషయం, వదిలేయండి. లాభాలు చెబుతాను.

మా నేలలో వేరుశనగ పండాలంటే వాన కావాలి, విత్తనం కావాలి, పైన దేవుడి దయ కూడా కావాలి. కొట్లాటకు ఇవేవీ అక్కర్లేదు. ఎండకు మాడదు. పురుగు పట్టదు. ఎన్నిసార్లు కోసినా మళ్లీ మొలుస్తుంది. పంటల మీద పరిశోధన చేసేవాళ్లు ఇలాంటి రకం ఒక్కటైనా కనిపెట్టారా?

ఎనిమిదైనా మంచం దిగని మగవాళ్లు ఇప్పుడు అయిదింటికే లేచి వంక గట్టు మీద కాపలా కాస్తున్నారు. పొలం గట్టు కోసం ముప్పై ఏళ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ములు ఒకే వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ చెప్పుకుంటున్నారు. పోలీసు పికెట్ పెట్టారు. పోలీసులకు నీళ్లు కావాలి కాబట్టి రోజూ ట్యాంకరు వస్తోంది. మేం బిందెలు పట్టుకుని పదేళ్లు రోడ్డు మీద కూర్చున్నా రాని ట్యాంకరు!

సీసీ కెమెరాలు కూడా వచ్చాయి. రెండేళ్లలో వాటికి దొరికింది ఒక కుక్క. అది పొద్దున మా ఊరిలో తిని, సాయంత్రం వాళ్ల ఊరిలో తింటోంది. అది ఎవరి తరఫు మనిషి అన్న విషయం మీద ఇంకా విచారణ నడుస్తోంది.

చరిత్ర సంగతి చెప్పనే లేదు. ఇంతకుముందు మా ఊరికి చరిత్ర లేదు, రేషన్ కార్డులు మాత్రమే ఉండేవి. ఇప్పుడు మేం ఒక పాళెగాడి దగ్గర సైన్యాధిపతులం అని ఫ్లెక్సీ వేశారు. వారం తిరగకుండా వంక అవతల ఇంకా పెద్ద ఫ్లెక్సీ లేచింది. వాళ్లూ అదే పాళెగాడి సైన్యాధిపతులట. అంతమంది సైన్యాధిపతులు ఉంటే ఆ పాళెగాడికి సైనికులు ఎవరో నాకు అర్థం కాలేదు.

రేషన్ డిపో మా ఊరిలో ఉంది. ఆరోగ్య కేంద్రం వాళ్ల ఊరిలో ఉంది. ఇప్పుడు వాళ్లు బియ్యం కోసం వేరే మండలానికి పోతారు, మేం జ్వరం కోసం ఇంకో మండలానికి పోతాం. నడక ఆరోగ్యానికి మంచిదని డాక్టర్లే చెబుతారు కదా. మా వాళ్లలో కొందరికి డాక్టరు దగ్గరికి చేరేలోపే జ్వరం తగ్గిపోయింది. ఒకరిద్దరు చేరనే లేదు, వాళ్లకు కూడా తగ్గింది.

ఈ అభివృద్ధి అంతా విని ఒక యూనివర్సిటీ నుంచి శ్రీకాంత్ అనే అబ్బాయి వచ్చాడు. మనుషులు ఎందుకు కొట్లాడతారో కనిపెట్టడం అతని చదువు. చేతిలో పలకలాంటి ఫోను. నా అరుగు మీద కూర్చున్నాడు.

"అవ్వా, మనిషిలో ఈ కోపం లక్షల ఏళ్ల నాటిది. కోతుల కాలం నుంచి వస్తోంది" అన్నాడు.

"మెల్లగా అనప్పా, ఆ చెట్టు మీద కోతులుండాయి. అవి వింటే నొచ్చుకుంటాయి" అన్నాను.

అతను నవ్వి ఫోను చూసుకున్నాడు. "మీ రెండూళ్ల గొడవకు మూలకారణం ఏంటి? నీళ్లు, భూమి, కులం, రాజకీయం. ఈ నాలుగింట్లో ఒకటి చెప్పు."

"గాడిద పెండ్లి."

"అది ఇందులో లేదు అవ్వా."

"లేకపోతే నేనేం జెయ్యాల? రాసుకో."

అతను చాలాసేపు ఆలోచించి 'నీళ్లు' మీద వేలు నొక్కాడు. నీళ్లేమో ఈ చుట్టుపక్కల ఎక్కడా లేవు. లేనిదాని మీద నేరం మోపితే అది వచ్చి కాదనదు కదా, అందుకని కాబోలు.

కాబట్టి అసలు మూలకారణం మీకే చెబుతాను.

వానలు ముఖం చాటేసిన ఏడు మా దగ్గర గాడిదలకు పెళ్లి చేస్తారు. మగదానికి పంచె, ఆడదానికి చీర కట్టి, బాసికాలు పెట్టి, మేళంతో ఊరేగిస్తారు. మా రెండూళ్లూ దీన్ని కలిసే చేస్తాయి. ఒకసారి ఒక ఊరు మగపెళ్లివాళ్లు, మరుసటిసారి రెండో ఊరు. అయితే పోయిన పెళ్లి జరిగి పందొమ్మిదేళ్లయింది. ఆ నడుమ ఏదో కొంచెం వాన పడుతూ వచ్చింది. రెండేళ్ల కిందట మళ్లీ వాన ఎగ్గొట్టేసరికి వంతు ఎవరిది అన్నది ఎవరూ రాసిపెట్టి లేదు.

మా ఊరి పెద్ద హనుమంతరాయుడు రచ్చబండ దగ్గర తేల్చేశాడు. "పోయినసారి ఆడపెండ్లోళ్లం మనమే గదా. ఈసారి వాళ్లు వంగల్ల."

అదే పూట వంక అవతల నాగేశ్వర అనే వాళ్ల పెద్ద కూడా తేల్చేశాడట. "మేము వంగేదేంది? ఈసారి గువ్వలగుట్టోళ్లే మా కాళ్లు కడగల్ల."

ముహూర్తానికి వంక నడుమ పందిరి వేశారు. మా ఊరు మేళంతో ఒక గాడిదను తెచ్చింది. వాళ్ల ఊరు డీజేతో ఇంకొకదాన్ని తెచ్చింది. రెండింటికీ పంచెలే కట్టి ఉన్నాయి. రెండూ మగవే.

మా ఊరిలో గాడిదల మీద ఇటుకలు తోలే సుంకప్ప ముందుకొచ్చి చూశాడు. "ఏమప్పా, రెండూ మొగవే గదా. పెండ్లి యెట్ల జేస్తారు?"

"నువ్వు నోరు మూసుకో సుంకప్పా. ఇది మర్యాద సంగతి" అన్నాడు హనుమంతరాయుడు.

ఆడగాడిద దొరక్క కాదండీ. సుంకప్ప దొడ్డిలోనే మూడు ఉన్నాయి. ఆడపెళ్లివాళ్లుగా నిలబడే మనుషులు దొరకలేదు. నిలబడితే అవతలివాళ్ల కాళ్లు కడగాలి. వాళ్లు తిన్నాక తినాలి. పప్పులో ఉప్పు లేదంటే తల వంచుకుని ఉప్పు తేవాలి. రెండు ఊళ్లలో కలిపి ఎనిమిది వందల మంది మగవాళ్లు, ఒక్కరికీ నడుము వంగలేదు.

పావుగంటలో కర్రలు లేచాయి. పదహారు మందికి తలలు పగిలాయి. పెళ్లికొడుకులు రెండూ మాత్రం ఒకదాని మెడలో దండ ఇంకొకటి తినేసి తోకలు ఊపుకుంటూ నిలబడ్డాయి. ఆ పందిట్లో కొట్లాడనివి అవే.

వాన రాలేదు. మీవల్లే రాలేదని వాళ్లు మమ్మల్ని అన్నారు, మేం వాళ్లను అన్నాం. అప్పటి నుంచి రాకపోకలు బంద్. వంక దాటినవాళ్లకు శిక్ష కూడా పెట్టారు. ఊరి పెళ్లికొడుకును, అంటే ఆ గాడిదను, నెలరోజులు ఇంట్లో పెట్టుకుని కొత్త అల్లుడి మర్యాదలన్నీ చేయాలి. గాలికి ఎగిరిపోయిన తువ్వాలు తెచ్చుకున్నందుకు ఒకాయన ఆ నెలంతా వాకిట్లో పడుకున్నాడు. మంచం అల్లుడిది.

మా ఊరి పెళ్లికొడుకు సుంకప్ప గాడిదే కాబట్టి అతని గోడు వేరు. "ఊరి పరువంట, బరువు మోపగూడదంట. ఇప్పుడు ఇటుకలు నేను మోస్తాండా, అది చూస్తా నిలబడుకోనుంటాది" అంటాడు.

ఇంతకీ ఆడపెళ్లివాళ్లుగా నిలబడటంలో అంత ప్రాణభయం ఏముంది? జయంతి పెళ్లినాటికి మా ఆయన బతికే ఉన్నాడు. ఆయన కడుగుతుంటే నేను చెంబుతో నీళ్లు పోశాను. చేతులు అరిగిపోలేదు, కొంచెం శుభ్రపడ్డాయి. ప్రతి ఇంట్లోనూ సగం మంది పుట్టుకతోనే ఆడపెళ్లివాళ్లు. వాళ్లు ఇంతవరకు ఎవరి మీదా యుద్ధం ప్రకటించలేదు. తీరిక దొరక్క కాబోలు.

సరే. రెండో ఏడు కూడా వాన రాలేదు. మొన్న పోలీసు అధికారి ఒకాయన రెండూళ్ల పెద్దలనూ కూర్చోబెట్టి రాజీ కుదిర్చాడు. మళ్లీ పెళ్లి చేయాలి, పెళ్లవగానే దారి తెరవాలి. ఏ ఊరిదీ కాని ఆడగాడిదను కొత్తచెరువు వైపు నుంచి ఆయనే వ్యానులో తెప్పించాడు. మొదటి పెళ్లికొడుకుల్లో ఒకదాన్ని చీటీ వేసి తీశారు.

దారి తెరుస్తారన్న మాట విని నేను పొద్దున్నే పోయి పందిరికి కొంచెం దూరంలో కూర్చున్నాను. నా చేతిసంచిలో పిల్లకు కుట్టిన రెండు గౌన్లు ఉన్నాయి. ఆరు నెలల పిల్లకని కుట్టినవి. పట్టవని తెలుసు, అయినా తెచ్చాను.

పెళ్లికూతురు వచ్చింది, చీర కట్టారు. అప్పుడు పంతులు అడిగాడు. "పిల్ల తరఫున ఎవరు నిలబడతారు?"

హనుమంతరాయుడు ఆకాశం చూశాడు. నాగేశ్వర నేల చూశాడు. ఇద్దరూ కలిసి పోలీసు అధికారిని చూశారు.

"నేను డ్యూటీలో ఉండా" అన్నాడాయన.

ముహూర్తం దాటిపోతోంది. వెనక కర్రలు కదులుతున్న చప్పుడు వినిపించింది. నేను ఆగలేకపోయాను. లేచి ముందుకు పోయాను.

"నేను నిలబడతా అప్పా. ఆ చెంబు నాకియ్యండి. రెండూళ్ల కాళ్లూ నేనే కడుగుతా. నా మనవరాలిని చూసుకోవల్ల."

హనుమంతరాయుడు గొంతు సవరించుకున్నాడు. "మారెక్కా, నువ్వు మొగుడు పోయినదానివి. శుభకార్యంలో నువ్వు ముందుకొస్తే, వచ్చే వాన గూడా మళ్లుకోని పోతాది."

నాగేశ్వర తల ఊపాడు. "హనుమంతన్న చెప్పేది నిజమే. అది పద్ధతి గాదు."

విన్నారా? హనుమంతన్న! రెండేళ్ల తర్వాత అన్నా అన్న పిలుపు!

"మీ ఊర్లో గూడా అంతేనా నాగేశ్వరా?"

"అంతేనన్నా. ముండమోసినోళ్లను మేము పందిరి నీడకు గూడా రానియ్యం."

"మేమూ అంతే."

రెండు ఊళ్లూ ఒక్క గొంతుతో ఔనన్నాయి. కర్రలు కింద పెట్టేశారు. ఎవరో టీ తెప్పించారు. ఒకే కెటిల్లోంచి రెండు ఊళ్లవాళ్లూ తాగుతూ, విధవలు ఎదురొచ్చినందుకు ఏ ఏడు ఏ పని చెడిందో ఒకరికొకరు చెప్పుకున్నారు. కలెక్టరు వల్ల కాని పని, పోలీసుల వల్ల కాని పని, అర నిమిషంలో అయిపోయింది. శాంతి ఎంత సులభమో చూశారా! దేశాలు కొట్లాడుకునే చోట పెద్దపెద్దవాళ్లు బల్లల చుట్టూ ఎందుకు కూర్చుంటారో నాకు తెలియదు. నడుమ ఒక విధవను నిలబెడితే చాలు.

"ఆ పక్కకు బో మారెక్కా. యాడికైనా దూరంగా బో, కండ్లకు గనపడొద్దు" అన్నాడు హనుమంతరాయుడు.

పెద్దల మాట నేనెప్పుడూ జవదాటలేదు. దూరంగా పొమ్మన్నారు కాబట్టి, మా ఊరికి అన్నిటికంటే దూరమైన చోటు ఏదా అని ఆలోచించాను. తుమ్మలవంకే కదా! కాపలావాళ్లంతా టీ దగ్గర ఉన్నారు. వంకలో ఇసుక కాలుతోంది. అయినా చెప్పులు అందులో దిగబడుతుంటే చేతపట్టుకుని అవతలి గట్టు ఎక్కేశాను. కెమెరా చూసే ఉంటుంది. కుక్క తర్వాత దానికి దొరికింది నేనే.

జయంతి వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట వదిలేసింది.

"మా, ఎట్లొచ్చినావు? ఎవురు రానిచ్చినారు?"

"మీ ఊరోళ్లూ మా ఊరోళ్లూ కలిసి పంపినారు."

పిల్ల తలుపు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి ఏడ్చింది. ఏడవదా మరి, ఎవరో తెలియదు కదా. ఎత్తుకుంటే తన్నింది. ఎంతో సేపటికి నా చెవి పట్టుకుని లాగి, అది నిజంగా అతుక్కునే ఉందని తేల్చుకుని ఊరుకుంది. తలకు ఆముదం వాసన.

పెళ్లి ఆగిపోయిందట. ఆడపెళ్లివాళ్లు దొరకలేదు. కాకపోతే నాకు ఏ శిక్ష వేయాలో తేల్చడానికి రెండూళ్ల పెద్దలు ఈ పదిహేను రోజుల్లో మూడుసార్లు కూర్చుని మాట్లాడుకున్నారు. ఇద్దరికీ నా మీద ఒకటే కోపం. ఇంకో రెండుసార్లు కూర్చుంటే వియ్యం కూడా అందుకునేలా ఉన్నారు. లోకకల్యాణం కోసం నేను ఎంతకాలమైనా ఇక్కడే దాక్కుంటాను.

కొట్లాట గొప్పదని మొదట చెప్పాను. కాదనను. నాకు దానివల్ల జరిగిన నష్టం చాలా చిన్నది. పిల్ల బోర్లా పడిననాడు నేను బొబ్బట్లు చేయలేదు. గడప దాటిననాడు గారెలు చేయలేదు. అవి రెండూ నేను లేకుండానే అయిపోయాయి, మళ్లీ రావు. ఇక మిగిలింది అడుగులేస్తే అరిసెలు. నిన్న సాయంత్రం పిల్ల గోడ వదిలి అర అడుగు వేసి కూలబడింది. బియ్యం నానబోశాను.

"మొదటి అరిసె ఏ ఊరికి పంపల్ల అత్తా?" అని మా అల్లుడు అడిగాడు.

నేను ఆ మాట విననట్టే బెల్లం తరుక్కున్నాను. అరిసెలు కాలగానే తలుపు వేసుకుని, నేనూ జయంతీ అన్నీ తినేస్తాం.

మారెక్క,
వయసు అరవై ఒకటి,
గువ్వలగుట్టపల్లి మనిషి, ఇప్పుడు ఉండేది తుమ్మలవంకలో.