మూడు గుండెల్లో చోటు

ఆ ఉదయం మామగారి రంగుచేపల దుకాణం షట్టర్‌ని పెద్దల్లుడు అరగంట ముందే ఎత్తాడు. పదింటికి పత్రికావిడ ఫొటో తీయడానికి వస్తుంది. దుకాణంలోని ఆక్టోపస్ ఇద్దరల్లుళ్ళలో ఎవరికి చెయ్యిస్తే వాళ్ళ ఫొటోనే పెద్దది చేయించి గుమ్మం పైన పెట్టిస్తానని మామగారు ముందే చెప్పేశారు. వ్యాపారంలో గుమ్మం పైన ఎవరి మొహం ఉంటే వాడే యజమాని. కింద కూర్చున్నవాడు ఎవరో ఒకడు.

చిక్కల్లా ఆక్టోపస్‌తోనే. తోడల్లుడు కనిపిస్తే చాలు, అది తొట్టి అంచు దాకా వచ్చి చెయ్యి చాపుతుంది. పెద్దల్లుడు కనిపిస్తే గురిచూసి మొహాన నీళ్ళు కొడుతుంది. మనుషుల మొహాలు గుర్తుపెట్టుకుంటుందట. ఎనిమిది చేతులు, మూడు గుండెలు; అన్నీ అవతలి వాటాకే! దాన్ని వెతికి తెచ్చింది తను, ఉప్పునీళ్ళ తొట్టి అమర్చింది తను. ప్రేమ మాత్రం ఆ చిన్నవాడికి. పెద్దల్లుడి కడుపు మండిపోయింది.

లాండ్రీలో కలిసిపోకుండా మామగారు దుకాణం చొక్కాల జేబుల మీద 'పెద్ద', 'చిన్న' అని కుట్టించారు. పెద్దల్లుడు తన చొక్కా విప్పి మేకుకు తగిలించి, పక్క మేకునున్న 'చిన్న' తొడుక్కున్నాడు. తోడల్లుడి పాత కళ్ళజోడు పెట్టుకున్నాడు. పాపిడి కూడా అటు నుంచి ఇటు మార్చాడు.

ఆక్టోపస్ రాతి చాటు నుంచి ఒక కంట చూసి, నెమ్మదిగా ఒక చెయ్యి చాపింది.

"రా తల్లీ, రా! ఇన్నాళ్ళకి దయ కలిగిందా?" అన్నాడు పెద్దల్లుడు, గొంతు తగ్గించి.

చెయ్యి మణికట్టును చుట్టుకుంది. ఆ చేతుల కింద వరసగా ఉండే చిన్న గిన్నెలతోనే అది రుచి కూడా చూస్తుందన్న సంగతి పెద్దల్లుడి లెక్కలో లేదు. రెండు క్షణాలు రుచి చూసింది. దాని ఒళ్ళంతా ఎర్రబడింది.

అప్పుడే వెనక చెప్పుల చప్పుడు. తోడల్లుడి భార్య.

"ఏమండీ, ఫొటోలో మీరు నిలబడకండి. బావగారినే నిలబడనివ్వండి. ఆయన కుళ్ళు చూడలేక అక్కకి ముద్ద దిగట్లేదు."

పెద్దల్లుడు వెనక్కి తిరగలేదు.

"అసలు ఆయన రోజూ ఉంగరంతో ఆ గాజు టకటకా కొట్టడం మానేస్తే అదెందుకు తడుపుతుంది? మనం చెప్తే వింటారా! సరే, ఒప్పుకున్నట్టేనా?"

"ఊఁ."

"మాటంటే మాటే మరి," అని ఆమె వెళ్ళిపోయింది.

తోడల్లుడి తరఫున తనే ఫొటో వదులుకుని తనకే ఇచ్చేసుకున్నాడు. ఇంత సుళువైన బేరం జన్మలో చెయ్యలేదు! ఇక 'పెద్ద' చొక్కా తొడుక్కోవడమే తరువాయి. చెయ్యి లాగాడు. రాలేదు. ఒక పట్టు విడిపిస్తే రెండు పట్లు పడ్డాయి. రెండూ విడిపిస్తే మరో చెయ్యి వచ్చి కళ్ళజోడు ఊడబెరికి తొట్టిలోకి పట్టుకుపోయింది.

ఇంతలో తోడల్లుడు వచ్చాడు. మేకుకు తన చొక్కా లేదు, ఉన్న 'పెద్ద'నే తొడుక్కున్నాడు.

"మా ఆవిడ వీధిలో నన్ను చూసి జడుసుకుంది అన్నయ్యా. లోపల ఊఁ కొట్టింది ఎవరట? అరె, అది నా చొక్కా కదూ?"

"చొక్కా సంగతి తర్వాత! ముందు దీన్ని వదిలించరా!"

తోడల్లుడు నీళ్ళలో చెయ్యి పెట్టాడు. ఆక్టోపస్ చటుక్కున పట్టు వదిలి అతని చెయ్యి అందుకుంది; అందుకుంటూనే పెద్దల్లుడి మొహాన నిండుగా నీళ్ళు కొట్టింది. గుమ్మంలో కెమెరా క్లిక్‌మంది. సరిగ్గా పదైంది.

మామగారు ఫోన్లో చెప్పిన అల్లుళ్ళిద్దరినీ పత్రికావిడ జేబులు చూసి పోల్చుకుంది. మర్నాడు ఫొటో కింద అచ్చయింది: 'పెద్దల్లుడంటే ప్రాణమిచ్చే ఆక్టోపస్. చిన్నల్లుడికి మాత్రం స్నానమే!'

మామగారు ఆ ఫొటోను కింది రాతతో సహా పెద్దది చేయించి గుమ్మం పైన పెట్టించారు. పేరు పెద్దల్లుడిది, మొహం తోడల్లుడిది. దిద్దించాలంటే తడిసింది తనేనని పత్రికకు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పెద్దల్లుడు బాగా ఆలోచించి ఊరుకున్నాడు.

ఆ రోజు నుంచి గాజు మీద కొట్టడం పెద్దల్లుడు మానేశాడు. నీళ్ళు కొట్టడం అది ఇంకా మానలేదు.