పసుపు పూసిన గాజు గుండు

ఆ దసరా పొద్దున రామచంద్రయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిది గంటల బస్సుకు భువనగిరి పోవడం, కూతురి ఇంట్లో జమ్మి పంచుకోవడం, మూడు రోజులు మనుమరాలితో ఆడుకుని రావడం. నల్గొండ వాతావరణ కేంద్రానికి ఆయనే అధికారి. ఆయన కింద అటెండర్ ఐలేశం, అంతే.

ఆ కేంద్రానికి ప్రాణం ఒక గాజు గుండు. దాని గుండా పడిన ఎండ వెనకున్న అట్ట మీద గీతలా కాలుతుంది. గీత పొడవును బట్టి ఎన్ని గంటలు ఎండ కాసిందో తెలుస్తుంది. ఆ ఏడాది ఆకాశంలో ఒక ఉపగ్రహం తిరుగుతూ, భూమికి ఎంత ఎండ చేరుతోందో, ఎంత వెనక్కి పోతోందో కొలుస్తోంది. దాని లెక్కను కింద నుంచి సరిచూసే చోట్లలో నల్గొండ ఒకటి. ఈ వారం లెక్క తప్పితే కేంద్రాన్ని ఎత్తేస్తామని పై ఆఫీసు ముందే రాసింది. ఎత్తేస్తే రామచంద్రయ్యకు బదిలీ. ఐలేశానికి మళ్లీ కూలి మగ్గం.

"పొద్దుగూకినంక అట్ట మార్చు. అట్ట ఏం చెప్తే గదే టెలిగ్రాం కొట్టు. నీ కండ్లకు ఏం కనిపించిందో ఎవ్వరికీ అక్కర్లేదు. సమజైందా?"

"అయింది సారూ. నిమ్మళంగ పోయి రాండ్రి."

సారు బస్సెక్కగానే ఐలేశానికి పండుగ గుర్తొచ్చింది. తెల్లారుతూనే ఇంట్లో మగ్గానికి పూజ చేసి వచ్చాడు. అన్నం పెట్టే గుండును వదిలేస్తాడా? గుండంతా పసుపు పూసి, ఐదు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు.

ఆ సాయంత్రం అట్ట తెల్లగా ఉంది. మర్నాడూ తెల్లగానే ఉంది. నెత్తి మాడే ఎండలో నిలబడి ఐలేశం చాలాసేపు ఆలోచించాడు. సారు మాట సారు మాటే. మూడు రోజులూ "ఎండ సున్న" అని టెలిగ్రాం కొట్టాడు.

రెండో రోజుకే ఆ వార్త తపాలా ఆఫీసు గడప దాటి ఊళ్లో పడింది. కేంద్రం వాకిట్లో పల్లికాయ ఆరబోసుకునే మల్లమ్మ వచ్చి నిలదీసింది.

"ఏందిరా, పొద్దే పొడుస్తలేదని సర్కారుకు రాసినవంట! మరి నా పల్లికాయ ఎట్ల ఎండింది, నీ మొకం జూసా?"

"నా కండ్లతోని పని లేదన్నడు అత్తా, సారు."

"నా పల్లికాయతోనన్న పని ఉన్నదా?"

దాని గురించి సారు ఏమీ చెప్పలేదు. ఐలేశం రిజిస్టరు తీసి, చివరన ఎప్పుడూ ఖాళీగా ఉండే గడిలో ఏదో రాశాడు.

నాలుగో రోజు రామచంద్రయ్య తిరిగొచ్చేసరికి పై ఆఫీసు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ కృష్ణయ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"మూడు దినాలు నల్గొండ మీద మొగులే లేదు, అంతా ఎండే అని ఉపగ్రహం అంటున్నది. ఎండే లేదని మీరు అంటున్నరు. ఇద్దట్ల ఒకరిని దించాలె. దాన్ని దించుడు నాతోని కాదు."

రామచంద్రయ్య గుండు దగ్గరికి పరుగెత్తాడు. పసుపు పొరే ఎండను ఆపేసిందని చూడగానే తెలిసింది. కోపం గొంతుదాకా వచ్చింది. ఆ ఐదు బొట్లు ఎంత వరుసగా, ఎంత శ్రద్ధగా పెట్టి ఉన్నాయో చూశాక అక్కడే ఆగిపోయింది.

"తప్పు నాదే సార్. కండ్లు మూసుకొమ్మని నేనే చెప్పిన."

కృష్ణయ్య రిజిస్టరు తిరగేశాడు. చివరి గడిలో గుండ్రటి అక్షరాలు: "అట్టల ఎండ లేదు. మల్లమ్మ పల్లికాయ మాత్రం గలగలమంటాంది." కింద మరొకటి: "ఇయ్యాల ఇంక జాస్తి గలగల. మొగులు జాడ లేదు."

ఇన్‌స్పెక్టర్ వాకిట్లోకి నడిచి పిడికెడు కాయలు తీసి చెవి దగ్గర ఊపాడు. ఒలిచి తిన్నాడు. "ఉపగ్రహం సరైనదే. కేంద్రం కూడా" అని రాసుకున్నాడు. మళ్లీ సరిచూడడానికి ఇంకో పిడికెడు తీసుకున్నాడు.

మరుసటి దసరాకు ముందు పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది: పసుపు కుంకుమలు గుండు కింది స్టాండుకు మాత్రమే పెట్టవలెను; నల్గొండ కేంద్రం అట్టలతో పాటు పల్లికాయ నమూనా కూడా పంపవలెను.