ముగ్గురు గ్రంథరత్నాలు

"లైబ్రరీ సైన్సు చదివే పీజీ విద్యార్థులకు ఇకమీదట ఏటా గ్రంథరత్న అవార్డులిస్తాం. స్వర్ణం, రజతం, కాంస్యం. ఇంతవరకు ప్రపంచంలో ఎవరికీ తట్టని ఆలోచన ఇది!"

మా మంత్రిగారు ఈ మాటలు ప్రకటించినప్పుడు నేను ఆయన పక్కనే ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. నిజానికి ఆయన వచ్చింది మా కేంద్ర గ్రంథాలయంలో మంచినీళ్ల యంత్రం ప్రారంభించడానికి. మీట నొక్కారు. నీళ్లు రాలేదు. విలేఖరులు కెమెరాలు ఎత్తిపట్టుకుని చూస్తున్నారు. మామూలు మనిషైతే కంగారుపడేవాడు. మంత్రిగారు అవార్డులు ప్రకటించారు. నాయకుడికీ మనకూ ఉన్న తేడా అదే.

ఆ గ్రంథాలయంలో నేను పత్రికల విభాగం చూస్తాను. చూడడమంటే, పొద్దున పేపర్లు బల్లల మీద పరిచి, సాయంత్రం మడతపెట్టడం. అందువల్ల ఈ చరిత్రంతా కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది.

మా డైరెక్టరుగారు వెంటనే యూనివర్సిటీకి ఫోను చేశారు. ఆ కోర్సులో ఒక్క అమ్మాయే ఉందట.

"మిగతావాళ్లేమయ్యారండీ?"

"మీరు లైబ్రేరియన్ పోస్టులు నింపడం మానేశారు. వాళ్లు చేరడం మానేశారు" అన్నారట అక్కడి ప్రొఫెసరుగారు.

ఆ ఒక్క అమ్మాయి మాకు కొత్తదేమీ కాదు. ట్రైనింగు పేరుతో మా దగ్గరే జీతం లేకుండా పనిచేస్తోంది. మేమంతా కళ్లజోడమ్మాయి అంటాం. తల్లి బట్టలు కుట్టి చదివిస్తోంది. మా లైబ్రేరియన్ గది ఎన్నో ఏళ్లుగా ఖాళీ. కుర్చీ మీద చెడిపోయిన ఫ్యాను కూర్చుని ఉంటుంది. ఆ అమ్మాయి వారానికోసారి ఆ ఫ్యాను దించి, కుర్చీ తుడిచి, మళ్లీ ఫ్యాను పెట్టేది. ఆ పోస్టు మీద దానికెంత ఆశో నాకు తెలుసు.

డైరెక్టరుగారు సంగతి మంత్రిగారి బావమరిదికి విన్నవించారు. మంత్రిగారి ఆఫీసు నడిపేది ఆయనే.

"సార్, విద్యార్థి ఒక్కరే ఉన్నారు. అవార్డులు మూడున్నాయి."

"మంత్రిగారు మూడన్నారా?"

"అన్నారు సార్."

"పేపర్లో వచ్చిందా?"

"వచ్చింది సార్."

"మరింకేంటయ్యా నీ బాధ? ముగ్గుర్ని ఎంపిక చెయ్యి!"

పారదర్శకత కోసం బావమరిదిగారే ఎంపిక సంఘానికి అధ్యక్షులయ్యారు. ఇంటర్వ్యూలు మా రీడింగ్ హాల్లో జరిగాయి. పాఠకులను బయటికి పంపి తలుపులు మూశాం. కళ్లజోడమ్మాయి స్వర్ణానికి వెళ్లి వచ్చింది. రజతానికి మళ్లీ పిలిచారు. నేను టీ కప్పులు అందిస్తూ విన్నాను.

"మొదటి బహుమతి మీకెందుకు రాలేదనుకుంటున్నారు?" అని అడిగారు అధ్యక్షులు.

ఆ అమ్మాయి కళ్లజోడు సర్దుకుంది.

"వచ్చినమ్మాయి నాకంటే బాగా చెప్పి ఉంటుందండీ."

"వినయం ఉంది. రజతం రాసుకోండి."

కాంస్యానికి గట్టి పోటీ జరిగిందని మర్నాడు పత్రికా ప్రకటన వచ్చింది.

సభ కూడా రీడింగ్ హాల్లోనే. అలంకరణవాళ్లు టీవీలో బాగుంటుందని పుస్తకాలను అట్టల రంగునుబట్టి సర్దారు. పచ్చట్టలన్నీ ఒకచోట, ఎర్రట్టలన్నీ ఒకచోట. వైద్యం వెళ్లి వంటల పక్కన చేరింది. కళ్లజోడమ్మాయి ఆ బీరువాల ముందే నిలబడిపోయింది.

"ఇప్పుడెవరైనా పుస్తకమడిగితే ఎలా మావయ్యా?" అంది నాతో.

"ఎవరడుగుతారే తల్లీ? పాఠకుల్ని రానివ్వట్లేదుగా" అని ధైర్యం చెప్పాను.

సభ దివ్యంగా జరిగింది. అమ్మాయి ఒక వైపు నుంచి వేదికెక్కి స్వర్ణం తీసుకుని, రెండో వైపు దిగి, చుట్టూ తిరిగొచ్చి రజతానికి మళ్లీ ఎక్కింది. కాంస్యానికి వచ్చేసరికి కాస్త ఆయాసపడుతోంది.

మంత్రిగారు షీల్డు అందిస్తూ, "నిన్నెక్కడో చూశానమ్మా" అన్నారు.

"ఇందాక ఇక్కడే చూశారండీ."

ఆయన జ్ఞాపకశక్తికి చప్పట్లు మోగాయి.

కాంస్యం వచ్చినవాళ్లకు మాట్లాడే అవకాశం ఉంది. ఆమె మైకు పట్టుకుంది. "అవార్డులు చాలండి. ఆ లైబ్రేరియన్ పోస్టు నింపండి. నేను పరీక్ష పాసైపోతే మా డిపార్టుమెంటుకు తాళమేస్తారు" అంది. మంత్రిగారు కళ్లొత్తుకున్నారు. పోస్టు అక్కడికక్కడే మంజూరు చేశారు. వచ్చే ఏడు అవార్డులు పదికి పెంచుతామని కూడా సెలవిచ్చారు.

నెల తిరక్కుండానే ఉద్యోగానికి ఇంటర్వ్యూ పెట్టారు. ఈలోగా అమ్మాయి పరీక్ష పాసైంది. అధ్యక్షులు బావమరిదిగారే. వచ్చింది కళ్లజోడమ్మాయి ఒక్కతే.

"ఒక్కరొస్తే పోటీ ఎలా అవుతుందమ్మా? ముగ్గురైనా ఉండాలి, రూలు" అన్నారాయన.

"మూడు అవార్డులూ వచ్చినవాళ్లు వచ్చారండీ."

"ఏరీ?"

"నేనేనండీ."

ఆయన ముఖం ఎర్రబడింది. "మూడూ నువ్వే తీసుకున్నావా? సభంతా చూస్తుండగానే? ఎంత మోసం!"

ఆమె ఏడుస్తూ బయటికొచ్చింది. మర్నాడు నేను బల్లల మీద పరిచిన ప్రతి పేపర్లోనూ ఆ వార్తే: 'గ్రంథరత్నలో గోల్‌మాల్.' మంత్రిగారు గర్జించారు. దోషులు ఎంతటివారైనా వదలమన్నారు. కళ్లజోడమ్మాయి మీద విచారణ సంఘం వేశారు. ఇది శాస్త్రానికి సంబంధించిన వ్యవహారం కాబట్టి సభ్యకార్యదర్శికి లైబ్రరీ సైన్సులో పీజీ ఉండి తీరాలని ఆదేశించారు. అధికారులు ఊరూవాడా గాలించారు. అలాంటి అర్హత ఉండి, ఖాళీగా ఉన్నవారు ఒక్కరే దొరికారు.

ఆమె చేరిన రోజు తల్లి కూడా వచ్చింది. గదిలోకి తొంగిచూసి, కూతురి పేరు పక్కన హోదా రాసిన చెక్కపలకను చేత్తో తడిమింది.

"ఉద్యోగమేనా అమ్మా?"

"ఉద్యోగమేనమ్మా. ఆరు నెలలు."

"తర్వాత?"

"నిందితురాలు విచారణకు సహకరించడం లేదని నేను రిపోర్టు ఇస్తే పొడిగిస్తారట."

తల్లి ఆ పలకను కొంగుతో తుడిచింది.

"మరి నువ్వు మొండిగా ఉండు తల్లీ" అంది.