మనిషి చెయ్యి లేని పరీక్ష

"ఇక మీదట పరీక్షల్లో మనిషి చెయ్యి ఉండదు" అని విద్యామంత్రిగారు ప్రకటించగానే హాలంతా చప్పట్లతో మార్మోగింది. నేనూ కొట్టాను. నేను విలేకరిని. మంత్రిగారి సభల గురించి రాయడం నా పని, మెచ్చుకుంటూ రాయడం మా పత్రిక పద్ధతి.

విషయం నిజంగా గొప్పదే. టీచర్ ఉద్యోగాల పరీక్షను ఇక ఒక సాఫ్ట్‌వేరే తయారు చేస్తుంది. పేపర్లూ అదే దిద్దుతుంది, ర్యాంకులూ అదే ఇస్తుంది, చివరికి ఉద్యోగం ఇచ్చే ఆర్డర్లు కూడా అదే అచ్చు వేస్తుంది. సిఫార్సులు, పైరవీలు బంద్. మొదటి విడత లెక్కల టీచర్లకు. తాత్కాలికంగా పనిచేస్తున్న వాళ్లంతా రాయాలి. ఉద్యోగం వస్తే పర్మనెంటు, రాకపోతే ఇంటికి. ఆ మాట దగ్గర నేను మరీ గట్టిగా చప్పట్లు కొట్టాను, ఎందుకంటే మా అక్క ఏళ్ల తరబడి తాత్కాలిక లెక్కల టీచరు. వేసవికి బడి మూయగానే ఆమెను తీసేస్తారు, తెరవగానే పెట్టుకుంటారు. ఈ తీసేయడం, పెట్టుకోవడం మధ్యనే ఆమె జుట్టు నెరిసింది.

సాఫ్ట్‌వేర్ రాసిన ఇంజనీరమ్మాయి దాన్ని తెర మీద చూపించింది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, ఓ మూల మినుకుమినుకుమంటూ చిన్న గీత.

"బొమ్మలేవమ్మా?" అన్నారు మంత్రిగారు.

"ఉండవు సార్. ఇది కమాండ్ లైన్. మనం ఆదేశం టైప్ చేస్తే అది చేసేస్తుంది."

"ఎందుకు, ఏమిటి అని అడగదా?"

"అడగదు సార్. తప్పుడు ఆదేశం ఇచ్చినా అడగదు."

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. పరీక్షల డైరెక్టరుగారి వైపు తిరిగి, "చూశారా? నేర్చుకోండి" అన్నారు. నేర్చుకుంటానని డైరెక్టరుగారు మాటిచ్చారు.

అమ్మాయి వివరించింది. ప్రశ్నలన్నీ ఒక ఫైల్లో ఉంటాయి. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు, సరైన దాని పక్కన ఒక గుర్తు. ఒక కమాండ్ కొడితే ప్రశ్నలూ జవాబులూ కలగాపులగమై ఒక్కొక్కరికి ఒక్కో వరసలో పేపరు వస్తుంది. పక్కవాడిది చూసి రాసి లాభం లేదు. రాసిన వాళ్లు చుక్కలు నింపిన జవాబు పత్రాలను స్కాన్ చేసి ఇంకో కమాండ్ కొడితే మార్కులొస్తాయి. మార్కులు సమానమైతే హాల్ టికెట్ నంబరు ముందున్న వాళ్లకు ముందు ఉద్యోగం, నగరం నడిబొడ్డున ఉన్న బడితో మొదలుపెట్టి.

"అంతా బాగుంది. ఒక్క ప్రశ్న మాత్రం మా డైరెక్టరుగారు రాస్తారు" అన్నారు మంత్రిగారు.

డైరెక్టరుగారు అప్పటికే రాసి జేబులో పెట్టుకున్నారు. విద్యారంగంలో ఈ ప్రగతికి కారణమేమిటి? మంత్రిగారి దూరదృష్టి, మంత్రిగారి పట్టుదల, మంత్రిగారి నిరాడంబరత, పైవన్నీ.

"సార్, 'పైవన్నీ' వద్దు. కలిపినప్పుడు అది మొదటి జవాబుగా వచ్చే ప్రమాదముంది. దాని పైన ఇంకేం ఉండవు" అంది అమ్మాయి.

"మంత్రిగారి విషయంలో పైవన్నీ ఎక్కడున్నా పైవన్నీయే" అన్నారు డైరెక్టరుగారు. ఇంత సూటైన జవాబు వినడం నాకదే మొదటిసారి.

పరీక్ష రోజు మంత్రిగారు తానూ రాస్తానని పట్టుబట్టారు. ప్రజలకు నమ్మకం కలగాలంటే నాయకుడే ముందు నిలవాలి కదా! హాల్ టికెట్ నంబరు ఒకటి ఆయనదే. మెత్తటి కుర్చీ వేశారు. అదే హాల్లో, వెనక వరసలో, ఊగే బల్ల దగ్గర మా అక్క. "తప్పు రాస్తే మార్కులు కోయరు. తెలిసినా తెలియకపోయినా ఏదో ఒక చుక్క నింపండి, ఖాళీ వదలొద్దు" అని డైరెక్టరుగారు మైకులో చెప్పారు.

మంత్రిగారు అందరికంటే ముందు లేచారు. ఆయన జవాబు పత్రం చూసి నేను ముగ్ధుణ్ణయ్యాను. ప్రతి ప్రశ్నకూ నాలుగు చుక్కలూ నింపేశారు.

"అన్నీ నింపారేం సార్?"

"మరి? ఒకదాన్ని పట్టుకుని మూడింటిని వదిలేస్తే ఆ మూడూ రేపు మనకు ఎదురు తిరుగుతాయి. రాజకీయాల్లో ఎవర్నీ దూరం చేసుకోకూడదయ్యా."

మర్నాటి పేపర్లో 'పరీక్ష హాల్లోనూ మంత్రిగారి సమదృష్టి' అని రాశాను.

అక్క బయటికొస్తూనే, "ఒకటి వదిలేశాన్రా" అంది.

"లెక్కల్లోనా?"

"లెక్కలన్నీ చేశాను. మంత్రిగారి మీద ఒకటుంది చూడు, అది. 'పైవన్నీ' అన్నది మొదట వచ్చింది. పైన ఏమీ లేకుండా పైవన్నీ అని ఎలా నింపను?"

"పోనీ మిగతా మూడింట్లో ఒకటి నింపాల్సింది."

"వాటికి రుజువేది?"

"అక్కా, కోత లేదన్నారుగా! కళ్లు మూసుకుని ఏదో ఒకటి గీకితే నీ సొమ్మేం పోయింది?"

"అలా గీకే పిల్లల్ని రోజూ తిడతాన్రా నేను" అని గొడుగు తీసింది. నాకు ఒళ్లు మండింది. ఉద్యోగం గుమ్మంలోకొస్తే ఈవిడ రుజువడుగుతోంది.

ఫలితాల రోజు నేను కంప్యూటర్ గదిలోనే ఉన్నాను. అమ్మాయి కమాండ్ కొట్టింది. మొదటి వరస తెర మీదికొచ్చింది. హాల్ టికెట్ ఒకటి, మార్కులు సున్నా.

డైరెక్టరుగారు తెర తుడిచి చూశారు. సున్నా చెరగలేదు.

"సరైన దానితో పాటు తప్పు చుక్క కూడా నింపితే ఆ ప్రశ్న తప్పు కింద లెక్క సార్" అంది అమ్మాయి.

"వారికి వందకు వంద రావాలమ్మా. మనం వేయకూడదు, అదే వేయాలి."

"అదెలా వేస్తుంది సార్?"

డైరెక్టరుగారు కుర్చీ ముందుకు లాక్కున్నారు. "ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులూ సరైనవే అని ఫైల్లో మారిస్తే?"

"అప్పుడు వస్తాయి సార్. కానీ ఏ చుక్క నింపిన వాళ్లకైనా మార్కే. అందరికీ వంద వస్తుంది."

"అంటే వంద శాతం ఫలితాలు! ఇంకేం కావాలి? మార్చు."

"మనిషి చెయ్యి ఉండకూడదన్నారు కదా సార్?"

"సాఫ్ట్‌వేర్‌కే లేని అభ్యంతరం నీకెందుకమ్మా?"

అమ్మాయి ఆయన్ని ఒకసారి చూసి, ఒక వరస టైప్ చేసి ఎంటర్ కొట్టింది. సాఫ్ట్‌వేర్ ఎందుకు, ఏమిటి అని అడగలేదు.

ఆ సాయంత్రం ఫలితాల సభ. వేలమందికి మొదటి ర్యాంకు వచ్చిందనగానే చప్పట్లు ఆగలేదు. రెండో ర్యాంకు ఒక్కరికే వచ్చింది, తొంభై తొమ్మిది మార్కులతో. అదే చివరి ర్యాంకు కూడా.

"ఇన్ని వేలమందిలో ఒకే ఒక్క అనర్హురాలిని పట్టుకుంది చూడండి! అదీ దీని గొప్పదనం" అన్నారు మంత్రిగారు.

ఆ అనర్హురాలు నాకు అక్క అవుతుందని నేను ఎవరికీ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చింది. అక్షరాలు కనబడకపోయినా 'అనర్హురాలు' అనే రాసుకున్నాను.

అంతలో పక్కనున్న ప్రింటర్ ఆర్డర్లు అచ్చు వేయడం మొదలుపెట్టింది. మొదటిది డైరెక్టరుగారు అందుకుని, గొంతు సవరించుకుని చదివారు. నగరం నడిబొడ్డున, సరిగ్గా మంత్రిగారి కార్యాలయం వెనకే ఉన్న బడిలో లెక్కల టీచరుగా, హాల్ టికెట్ నంబరు ఒకటి గల మంత్రిగారిని నియమించడమైనది.

అది మా అక్క బడి.

డైరెక్టరుగారు వంగి, "రద్దు చేయించమంటారా సార్?" అని గొణిగారు. మైకు ఆన్‌లోనే ఉంది.

మంత్రిగారు కెమెరాల వైపు చూశారు. "రద్దు చేస్తే మనిషి చెయ్యి పడినట్టు కాదూ?" అని నిండుగా నవ్వి, ఆర్డరు కళ్లకద్దుకున్నారు. ప్రజాసేవలో ఇది తనకు దక్కిన మరో బాధ్యత అన్నారు. అదే వేదిక మీద ఉద్యోగంలో చేరారు, రాజకార్యాల దృష్ట్యా అదే వేదిక మీద సెలవు పెట్టారు. డైరెక్టరుగారు అక్కడికక్కడే మంజూరు చేశారు. ఇంత వేగంగా ఫైలు కదలడం మా నగరం ఎరగదు.

బడి తెరిచారు. లెక్కలు చెప్పేవాళ్లు లేరు. సెలవులో ఉన్న టీచరు తిరిగొచ్చేదాకా తాత్కాలికంగా ఎవరినైనా పెట్టుకోవచ్చని ఆదేశం వచ్చింది. తాత్కాలికానికి ర్యాంకు అక్కర్లేదట. హెడ్మాస్టరు మా అక్కకు ఫోన్ చేశాడు.

కొన్నాళ్లకు మంత్రిగారు ఆ బడిని తనిఖీ చేయడానికి వచ్చారు. వెంట నేనూ ఉన్నాను. అక్క బోర్డు మీద లెక్క చేస్తోంది. తరగతి అంతా లేచి నిలబడింది.

"బాగా చెబుతున్నావే! పర్మనెంటా అమ్మా?" అన్నారు మంత్రిగారు.

"కాదండీ. మీ బదులు చేస్తున్నాను."

మంత్రిగారు ఆప్యాయంగా తలాడించారు. "శ్రద్ధగా చెయ్యి. ఈసారి పరీక్షలో మాత్రం ఏదీ ఖాళీ వదలకు."

అక్క "అలాగేనండీ" అని, వెనక్కి తిరిగి సగంలో ఉన్న లెక్క పూర్తి చేసింది.