అత్తగారి ‘అది’

గురువారం ఉదయం ఆరు గంటలకు అత్తగారు వేసుకున్న పథకం చిన్నదే. సోమవారం లోపల తనను తాను తెలుసుకోవాలి.

తొందరకు కారణం ఉంది. కోడలు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. సోమవారం పొద్దున బస్సెక్కి వేరే ఊరు వెళ్ళి, పదకొండు రోజులు శిక్షణ పొంది వస్తే, ఫ్రేములు తుడిచి అద్దాలు బిగించే పని తప్పి కళ్ళు పరీక్షించే పని వస్తుంది. నిరుడు కూడా ఈ అవకాశం వచ్చింది. అప్పుడు అత్తగారు బస్సు కిటికీ ఊచ పట్టుకుని ఎంత ఏడ్చారంటే, కోడలు పెట్టెతో సహా దిగిపోయింది. ఈసారి దుకాణం యజమాని ముందే తేల్చి చెప్పాడు. "మళ్ళీ దిగిపోతే ఇంక అడగనమ్మా."

ఎవరు గడప దాటినా అత్తగారికి గుండె దడ. పాలవాడికి కూడా "జాగ్రత్త నాయనా" అని చెప్పందే తలుపు వేయరు. కొడుక్కి మూడుసార్లు చెబుతారు, కోడలికి నాలుగుసార్లు. మెట్ల మలుపు నుంచి వెనక్కి పిలిచి చెప్పేది ఇందులో చేరదు. ఆ భవనంలో చిన్నాపెద్దా ఆవిడను జాగ్రత్తమ్మ అనే పిలుస్తారు. అలాంటి మనిషి ఈసారి గట్టిగా నిశ్చయించుకున్నారు. తను ఏడవకూడదు, ఆ అమ్మాయి దిగకూడదు.

పాత పుస్తకాల బండి మీద ధ్యానం పుస్తకం ఒకటి దొరికింది. ముప్ఫై రెండు పేజీలు, వెనక అట్ట లేదు. అందులో నియమాలు మూడే. మనసును పరాయి మనిషిని చూసినట్టు చూడాలి. అది చేసేది చేసినట్టు చెప్పుకోవాలి. ఈ సాధన సంగతి ఎవరికీ చెప్పకూడదు.

మొదటి చిక్కు ఆ పరాయి మనిషిని ఏమని పిలవాలన్నదే. "ఆవిడ భయపడుతున్నారు" అనుకుంటే మనసు మరీ పెద్దరికం తెచ్చుకుని, కుర్చీ వేయమన్నట్టు చూసింది. "ఆమె" అనుకుంటే పేపర్లో ఎవరి గురించో చదువుతున్నట్టుంది. చివరికి "అది" అని చూశారు. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆవిడను అలాగే అనేది. మనసు వెంటనే కిక్కురుమనకుండా ఎదురుగా వచ్చి నిలబడింది.

రెండో చిక్కు ఆవిడకు తట్టనే లేదు. అత్తగారు బడికి వెళ్ళలేదు. పొట్లాల కాగితాలూ గోడల మీది రాతలూ చూసి సొంతంగా చదువు నేర్చుకున్నారు. నోరు కదపకుండా కూడా చదవొచ్చని ఆవిడకు చెప్పినవాళ్ళు లేరు. అందువల్ల నోరు కదపకుండా అనుకోవడమూ ఆవిడకు రాదు.

వాషింగ్ మెషిన్ పక్కన స్టూలు వేసుకుని కళ్ళు మూసుకున్నారు.

"అది లేచింది. లేవడమే మొహం మాడ్చుకుని లేచింది. దానికి ఎప్పుడూ ఒకటే గోల. సోమవారం రానీ, దాని సంగతి తేలిపోతుంది."

మాసిన బట్టల బుట్టతో వస్తున్న కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది.

కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. పనికి బయలుదేరుతూ బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు.

"మీ అమ్మగారు నన్ను అది అంటున్నారండీ."

"అమ్మ కుర్చీని కూడా అది అంటుంది."

"కుర్చీ మొహం మాడ్చుకుంటుందా? ఆరేళ్ళలో ఏనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మాయ్ అంటే అమ్మాయే. ఇప్పుడేమో అది!"

"సరే, నేను అడుగుతాను ఉండు" అని అతను ఒక కాలికి బూటుతోనే లోపలికి వెళ్ళాడు. "అమ్మా, ఎవర్నో అది అంటున్నావట. ఎవరమ్మా?"

అత్తగారికి మూడో నియమం గుర్తొచ్చింది. "అదా... పిల్లిరా."

"ఐదో అంతస్తుకి పిల్లా?"

"వస్తుంది, పోతుంది. నల్లగా ఉంటుంది. తోక కొస మాత్రం తెలుపు."

అబద్ధాలు అలవాటు లేని మనిషి కావడం వల్ల ఆడిన ఒక్కదాన్నీ తోకతో సహా ఆడేశారు. కొడుకేమో ఎక్కడ ఏ లోపం కనిపించినా సరిచేయందే ఊరుకోలేని మనిషి. ఆ సాయంత్రమే స్నానాలగది కిటికీకి వల బిగించాడు. పిల్లి ఏ దారిన వస్తుందో కనిపెడదామని మెషిన్ పక్కన గిన్నెలో పాలు పెట్టాడు. తెల్లారాక అత్తగారు గిన్నె చూశారు. పాలు పోసినవి పోసినట్టే ఉన్నాయి. కొడుకు చూస్తే పిల్లి లేదని తెలుస్తుంది. పిల్లి లేదంటే సాధన బయటపడుతుంది. అటూ ఇటూ చూసి, గిన్నె ఎత్తి ఒక్క గుక్కలో తాగేశారు. ఆ తర్వాత స్టూలు మీద కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పుకున్నారు.

"అది నిన్న అబద్ధం ఆడింది. ఇవాళ పాలు కూడా తాగింది. బొత్తిగా సిగ్గు లేదు దానికి."

కోడలు గదిలోకి వెళ్ళి భర్తను కుదిపి లేపింది. "పిల్లి అబద్ధం ఆడుతుందాండీ?"

అతను వెళ్ళి గిన్నె చూసి వచ్చాడు. "పాలు మాత్రం తాగింది."

"నిన్న అన్నం సయించక గ్లాసుడు పాలు తాగి పడుకున్నాను. అది కూడా కనిపెట్టారు. ఈ ఇంట్లో పిల్లి లేదండీ. ఆ పిల్లిని నేనే!"

శనివారం అత్తగారు సాధన పెంచారు. కోడలు చెప్పులు వేసుకుంటున్నప్పుడు గుమ్మం దాకా రాలేదు. "వెళ్ళొస్తా అత్తయ్యా" అంటే లోపలి నుంచే "ఊఁ" అన్నారు. జాగ్రత్త అనే మాట నాలుక కొసకు వచ్చింది. పళ్ళు బిగించి లోపలికి తోసేశారు. తలుపు మూసుకుంది.

తలుపుకు అటువైపు కోడలు చెప్పు సరిచేసుకుంటున్నట్టు రెండు నిమిషాలు వంగి నిలబడింది. ఆరేళ్ళుగా నాలుగుసార్లు వినే మాట ఒక్కసారీ వినపడలేదు.

ఇటువైపు అత్తగారు స్టూలెక్కి కళ్ళు మూసుకుని అదేం చేస్తోందో చూశారు. అది వణికింది. ఎందుకు వణుకుతోందో అడగకుండా చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి అది చిన్నదైపోయింది. ఆరేళ్ళ పిల్ల. ముందురోజు అడిగిన రిబ్బను కొనిపెట్టలేదని అలిగి, దుప్పటి ముసుగేసుకుని నిద్ర నటిస్తోంది. పనికి వెళ్ళబోతూ వాళ్ళ నాన్న గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగాడు. అది కళ్ళు తెరవలేదు. ఆయన వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఆనాడు చెప్పకుండా మిగిలిపోయిన మాటను అది అరవై రెండేళ్ళుగా పాలవాళ్ళకీ పోస్టుమాన్లకీ చెబుతూనే ఉంది.

"ఇదటే నీ బాధ" అన్నారు అత్తగారు. దాన్ని నువ్వు అనడం అదే మొదటిసారి. చాలాసేపు స్టూలు దిగలేదు.

ఆదివారం పెట్టె సర్దడం మొదలైంది. నిరుడు మడత పెట్టిన ప్రతి చీరా తడిసింది. ఈసారి ఒక్కటీ తడవలేదు. సబ్బు, దువ్వెన, మందులు, రెండు దుప్పట్లు, స్వెట్టరు వరసగా పెట్టెలోకి ఎక్కాయి.

"పదకొండు రోజులకి స్వెట్టరెందుకు అత్తయ్యా?"

"ఎందుకైనా మంచిది."

"ఇంకా ఏమైనా మిగిలాయా నావి, ఈ ఇంట్లో?"

"చూశాను. ఏం మిగల్లేదు" అన్నారు అత్తగారు, పని శుభ్రంగా పూర్తిచేసిన తృప్తితో.

కోడలు పెట్టె మూత తనే మూసేసింది.

సోమవారం బస్టాండులో కండక్టరు దూరం నుంచే ముగ్గురినీ గుర్తుపట్టి ఈల జేబులో వేసుకున్నాడు. అయితే ఆవిడ కిటికీ ఊచ పట్టుకోలేదు. చేతులు కట్టుకుని, కళ్ళు సగం మూసుకుని బస్సు పక్కన నిలబడ్డారు. ఏడుపు పొట్టలోంచి బయలుదేరింది. ఆవిడ దాన్ని చూస్తున్నారు.

కోడలు మెట్టెక్కింది.

"అది పైకెక్కుతోంది" అన్నారు అత్తగారు.

కోడలు కిటికీ పక్కన కూర్చుంది.

"కూర్చుంది. గొంతు మీద కూర్చుంది. కూర్చోనీ."

ఇంజను మొదలై బస్సు ఊగింది.

"అదిగో, కదిలింది. పోతోంది. పోనీ. అది పోతే చాలు, హాయిగా ఉంటాను."

"ఆపండి!" అని బస్సులోంచి కేక వినిపించింది. కోడలు పెట్టె ఈడ్చుకుంటూ, ముక్కు ఎగబీలుస్తూ దిగింది. కండక్టరు నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు. "మళ్ళీ నువ్వేనా తల్లీ!"

"నేను పోతే చాలా అత్తయ్యా మీకు? హాయిగా ఉంటారా?"

"నువ్వెందుకు పోతావే? పోవాల్సింది అది!"

"ఆ అది నేనే కదా!"

"నువ్వు కాదు, నేను!"

"కాదు, నేనే! నాలుగు రోజుల్నుంచి వింటున్నాను!"

"నా అది నేను కాక నువ్వెలా అవుతావే అమ్మాయ్!"

కండక్టరు ఇద్దరి మధ్యకు వచ్చాడు. "అమ్మా, అది ఎవరైతే నాకేంటి, టికెట్ ఒక్కటే ఉంది. ఎవరో ఒకరు ఎక్కండి."

కొడుకు నెమ్మదిగా అడిగాడు. "మరి పిల్లో?"

"నేనే."

"పాలు?"

"నేనే తాగాన్రా. కాస్త చక్కెర వేయాల్సింది నువ్వు."

అత్తగారు సంచిలోంచి అట్టలేని పుస్తకం తీసి కోడలి చేతిలో పెట్టారు. "మూడో నియమం ఎలాగూ పోయింది. నిరుడు నా ఏడుపుకి నువ్వు దిగిపోయావు. ఈసారి ఏడవకుండా పంపిద్దామని కూర్చున్నానే, అంతే."

కోడలు మూడు నియమాలూ చదివింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత భర్త వైపు చూడకుండా అంది. "నిరుడు నేను మీ ఏడుపుకి దిగలేదత్తయ్యా. నాకే భయం వేసింది. ఆ పరీక్షలూ అవీ తప్పుతానేమోనని. మీరు ఏడుస్తున్నారు కదా అని మీ పేరు చెప్పి దిగిపోయాను."

అత్తగారు ఏడాదిగా మోస్తున్న నేరం అక్కడ బస్టాండులో కిందపడింది. చప్పుడు మాత్రం ఎవరికీ వినపడలేదు.

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడూ భయమే. పైగా మీరు జాగ్రత్త అనడం మానేశారు. మొన్న దుకాణంలో రోజంతా ఎడమ అద్దం కుడివైపూ, కుడి అద్దం ఎడమవైపూ బిగించాను. అది వినకుండా ఎలా వెళ్ళను?"

అత్తగారు కోడలి చెంప మీద చేయి వేశారు. ఆరేళ్ళ పిల్లకోసం కాదు, గుమ్మం దగ్గర ఆగిన మనిషి కోసమూ కాదు. ఎదురుగా ఉన్న ఈ అమ్మాయి కోసం, ఒక్కసారే అన్నారు.

"జాగ్రత్త."

కోడలు ఎక్కింది. బస్సు కదిలింది. అత్తగారు వెనక్కి పిలవలేదు. కళ్ళలోకి వచ్చిన నీళ్ళను కూడా రానిచ్చారు, పోనిచ్చారు.

బస్సు పద్నాలుగు నిమిషాలు ఆలస్యమైంది. కండక్టరు చాలాసేపు ఆలోచించి, కారణం రాయాల్సిన గడిలో "పిల్లి" అని రాసుకున్నాడు.